హాజరుపట్టీలో ఆఖరివాడు

మా సంఘంలో మనుషులకన్నా నియమాలు ఎక్కువ. మనుషులం ముగ్గురం, నియమాలు నలభై ఒకటి. తలకు పదమూడు చొప్పున పంచుకున్నా ఇంకా రెండు మిగులుతాయి. ఆ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాబట్టి వాటి జోలికి ఎవరమూ వెళ్ళం.

మేము చేసే పని ఏమిటో పన్నెండేళ్ళుగా చెబుతున్నా మా ఆయనకే అర్థం కాలేదు, అయినా మీకు చెప్పి చూస్తాను. కంప్యూటర్ తెర మీద మీరు చూసే కిటికీలు, నొక్కే మీటలు, కిందికి జారే జాబితాలు ఉంటాయి కదా. వాటిని గీసిపెట్టే సామగ్రిని టూల్‌కిట్ అంటారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతి మీటనూ మొదట్నుంచి గీసుకోనక్కర్లేకుండా మా సామగ్రిని ఊరికే తీసుకుని వాడుకోవచ్చు. మాకు జీతం లేదు, ఆఫీసు లేదు, పొగిడేవాళ్ళు అసలే లేరు. వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకుని, ఆదివారాలు ఉత్తరాల్లో ఒకరి తప్పులు ఒకరం ఎంచుకుంటూ కాపురం చేస్తున్నాం.

మొదటి మనిషి మేస్త్రి. డెబ్బై దాటిన పెద్దమనిషి. ఈ టూల్‌కిట్‌కు పునాది తవ్వింది, గోడలు లేపింది, కప్పు వేసింది ఆయనే కాబట్టి ఆ పేరు. రెండోవాడు తొందర. ఏ కొత్త వస్తువు వచ్చినా మర్నాటికల్లా మనకూ కావాలంటాడు, వచ్చిన మూడో రోజు నుంచి దాని మొహం చూడడు. మూడోదాన్ని నేను. వాళ్ళిద్దరూ కలిసి నాకు ముల్లు అని పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక గొడవ సంగతి. మేము రాసే భాషకు ఎడిషన్లు ఉంటాయి. కొన్నేళ్ళకోసారి ఎక్కడో పెద్దలు కూర్చుని, ఇకనుంచి ఈ సౌకర్యాలు కూడా వాడుకోవచ్చని కొత్త ఎడిషన్ ప్రకటిస్తారు. మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరుకు ఆ ఎడిషన్ తెలిసి ఉండాలి. పాత కంపైలరుకు కొత్త ఎడిషన్ మాట ఒక్కటి తగిలినా మూర్ఛపోతుంది. లోకమంతా ఐదు ఎడిషన్లు దాటి పోయింది. మా టూల్‌కిట్ మాత్రం మొదటి ఎడిషన్‌లోనే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. దానికి కారణం పదిహేడో నియమం: పాత ఎడిషన్ వాడేవాడు లోకంలో ఒక్కడున్నా సరే, వాణ్ణి వదిలేసి ముందుకు పోరాదు.

వినడానికి ఎంత ధర్మంగా ఉందో చూడండి. నేనూ ఒకప్పుడు దానికి చేయెత్తినదాన్నే.

ఆ ఒక్కడు నిజంగానే ఉన్నాడు. మా టూల్‌కిట్‌ను ఎవరైనా తమ యంత్రంలో కంపైలరుతో కట్టుకుని పరీక్ష నడిపితే, ఏ ఎడిషన్‌తో కట్టారో ఒక వరుస మా పేజీలోకి వచ్చి పడుతుంది. పేరూ ఊరూ ఉండవు, ఎడిషనూ వేళా తప్ప. ఆ పేజీని హాజరుపట్టీ అంటాం. ఏడేళ్ళ కిందట మొదటి ఎడిషన్ గడిలో నలభై మంది ఉండేవారు. తర్వాత తొమ్మిది, తర్వాత మూడు, తర్వాత ఒకటి. ఆ ఒక్కటి అక్కడే ఆగిపోయింది. పొద్దున్నే ఆరూ పదికి, ఎండైనా వానైనా, సెలవైనా పండగైనా, వచ్చి హాజరు వేయించుకుని పోతాడు. మేమతన్ని ఆఖరివాడు అనేవాళ్ళం. అంత క్రమశిక్షణ గల మనిషిని నేను నా ఉద్యోగంలో ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఆఖరివాడి గురించి మాలో ఒక్కొక్కరికీ ఒక్కో ఊహ. మేస్త్రి దృష్టిలో అతను ఎక్కడో సముద్రం మధ్య వాతావరణం కొలిచే కేంద్రంలో ఒంటరిగా ఉంటాడు, పాత యంత్రం మార్చుకునే వీల్లేదు. తొందర దృష్టిలో అతనొక మొండివాడు. నాకు మాత్రం బట్టలు చక్కగా మడతపెట్టుకునే బ్రహ్మచారిలా కనిపించేవాడు. చూడని మనిషి మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళం, చూసే మనుషులకు ఏం చేశామని అడగకండి. అక్కడికే వస్తున్నాను.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఒక ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే సన్న కాగితాలు ఉంటాయే, ఎంత మోతాదు, ఎన్నిపూటలు అని రాసి ఉంటుందే, అవి. మనం వాటిని విప్పకుండానే చెత్తబుట్టలో వేస్తాం. మా వదిన మాత్రం ఒక్కో కాగితాన్నీ మూడుసార్లు చదువుతుంది. చుక్క ఒకటి జారిపోతే అర గ్రాము ఐదు గ్రాములవుతుందనీ, ఆ తర్వాత జరిగేదానికి అచ్చుతప్పు అని పేరు ఉండదనీ ఆవిడ మాట. మా ఇంటికొచ్చినా అదే పని. నేను ఫ్రిజ్ మీద అంటించిన సామాన్ల చీటీని ఎర్ర పెన్నుతో దిద్ది, కింద మార్కులు వేసిన మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆ చీటీ చూసి ఏడ్చాను. ఇప్పుడు కావాలని రెండు తప్పులు రాసి పెడతాను, ఆవిడకు కాలక్షేపం.

మూడేళ్ళ కిందట ఆవిడ కళ్ళకు జబ్బు మొదలైంది. చూపు నడిమధ్య మసక. నెమ్మదిగా పెరుగుతుందిగానీ తగ్గదని డాక్టరు చెప్పేశాడు. అయితే తెర మీద అక్షరాలను నాలుగింతలు పెద్దవి చేసి, అంచులు పదునుగా ఉంచితే ఆవిడ ఇప్పటికీ ప్రెస్సులో అందరికన్నా వేగంగా చదువుతుంది. ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే కాబట్టి తప్పక చెప్పింది. ఆ రోజే నా చేత ఒట్టు పెట్టించుకుంది.

"ఇంట్లో తెలిస్తే జాలిపడతారు, ప్రెస్సులో తెలిస్తే మానిపిస్తారు. రెండూ నాకొద్దు. నీ నోరు నీ దగ్గరే పెట్టుకో."

పెట్టుకున్నాను. నా నోటికి అది ఎంత కష్టమో మా ఆయన్ని అడగండి.

మూడేళ్ళు బండి బాగానే నడిచింది. ఈ ఏడు ప్రెస్సువాళ్ళు అందరికీ కొత్త కంప్యూటర్లు కొన్నారు. వాటిలో తెరను నడిపే పద్ధతే కొత్తది. వదిన వాడే ప్రూఫు ప్రోగ్రాం మా టూల్‌కిట్ మీద కట్టింది. మా టూల్‌కిట్‌కు పాత పద్ధతి తప్ప కొత్తది రాదు. కాబట్టి మధ్యలో ఒక దుబాసీని కూర్చోబెట్టారు. మా ప్రోగ్రాం పాత భాషలో ఏదో గీయమంటుంది, ఆ దుబాసీ దాన్ని చిన్న బొమ్మగా గీసుకుని, కొత్త తెర కొలతకు సాగదీసి అతికిస్తాడు. మామూలు కళ్ళకు పెద్దగా తేడా తెలియదు. నాలుగింతలు పెద్దది చేసి చూస్తే మాత్రం ప్రతి అక్షరం నానిన కాగితంలా ఉబ్బుతుంది. చుక్కకూ కామాకూ తేడా ఉండదు, రెండూ మరకలే.

ఒక్క నెలలో వదిన రెండు చుక్కలు వదిలేసింది. అచ్చుకు వెళ్ళేముందే ఎవరో పట్టుకున్నారుగానీ, ప్రెస్సు యజమాని చెవిన పడింది. వయసు మీదపడి పరధ్యానం ఎక్కువైందని ఆయన తేల్చుకున్నాడు. నెలాఖరు రోజున తన గదిలో, తన కళ్ళెదుట, కొత్త మిషను మీద ముప్పై పేజీలు దిద్దాలనీ, ఒక్క తప్పు వదిలినా ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవచ్చనీ చాలా మర్యాదగా చెప్పాడు. వదిన ఆ రోజు మా ఇంటికొచ్చి, వంటగదిలో నిలబడి, ఆ మాట నాకు చెప్పింది. ఏడవలేదు. చీటీ దిద్దలేదు కూడా.

విరుగుడు నా చేతిలోనే ఉంది. మా టూల్‌కిట్‌కే కొత్త పద్ధతి నేర్పేస్తే దుబాసీతో పనే ఉండదు, అక్షరాలు నేరుగా తెర మీద పదునుగా పడతాయి. ఆ కొత్త పద్ధతితో మాట్లాడించే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కల మూట, ఉచితంగా దొరుకుతుంది. దాన్ని కలుపుకుంటే రెండు వారాల పని. కానీ ఆ లైబ్రరీ మూడో ఎడిషన్‌లో రాసి ఉంది. దాన్ని ముట్టుకోవాలంటే మా కనీస ఎడిషన్‌ను మూడుకు పెంచాలి. పెంచకుండా అంతా చేత్తో రాసుకోవాలంటే ఎనిమిది నెలలు పడుతుంది. నెలాఖరుకు ఇరవై ఆరు రోజులుంది. ఎవరికీ చెప్పకుండా నా సొంత కాపీలో మార్చుకుని ప్రెస్సుకు ఇద్దామా అంటే, అక్కడి కంప్యూటర్ మనిషి సంఘం ముద్ర పడిన విడుదల తప్ప మరోటి ఎక్కించనన్నాడు. నియమాలు అతనికీ ఉన్నాయి, పాపం.

సరే అని సంఘానికి ఉత్తరం రాశాను. మూడో ఎడిషన్ వల్ల కలిగే లాభాలు పదకొండు అంశాలుగా రాశాను. భద్రత, వేగం, చదవడానికి వీలు, భవిష్యత్తు. భవిష్యత్తు గురించి ఒక పేరా పెట్టకపోతే ఏ ప్రతిపాదనా నెగ్గదని పెద్దలు చెబుతారు. వదిన మాట ఒక్క అక్షరం లేదు. ఒట్టు ఒక కారణం. రెండోది మా తొమ్మిదో నియమం: "నాకు కావాలి" అనడం కారణం కాదు, వాడుకరుల తరఫున మాట్లాడాలి. సొంత అవసరం చెప్పుకోవడం మా దగ్గర ముక్కు చీదినంత అమర్యాద.

మేస్త్రి గంటలో జవాబిచ్చాడు. పదిహేడో నియమం ఎత్తి రాసి, ఆఖరివాడు ఇవాళ పొద్దున కూడా హాజరయ్యాడని గుర్తుచేశాడు. మాలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా పని ఆగిపోతుంది. అది నాలుగో నియమం.

తొందర నాకు మద్దతిచ్చాడు. శత్రువుకు కూడా అలాంటి మద్దతు వద్దు. మూడో ఎడిషన్ దాకా వెళ్ళేవాళ్ళం అక్కడే ఎందుకు ఆగాలి, వచ్చే ఏడు రాబోయే ఏడో ఎడిషన్‌కే దూకుదాం అన్నాడు. ఆ ఎడిషన్ ఇంకా పుట్టలేదు. దాన్ని చదవగల కంపైలరు లోకంలో లేదు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత అతని ముందు నిలబడి సిగ్గుపడాలి. మేస్త్రికి అదే ఆయుధం దొరికింది: చూశారా, ఒక మెట్టు ఎక్కనిస్తే మేడ ఎక్కుతామంటున్నారు. అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యలో ఇరుక్కున్నాను.

పదిహేను రోజుల్లో రెండువందల పన్నెండు ఉత్తరాలు నడిచాయి. వాడుకరి, వాడుకరులు, వాడుకరుల ప్రయోజనం అనే మాటలు వాటిలో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. ఒక్క మనిషి మాట కూడా వాటిలో లేదు. నేను మూడో ఎడిషన్‌లో సగం పని ముందే చేసి పెట్టుకున్నాను. అది నా కంప్యూటర్లో ఎవరికీ చూపించుకోలేని నగలా మూలుగుతోంది. వదిన రోజూ ఫోను చేసి వేరే విషయాలు మాట్లాడేది. ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

పదహారో రోజున మేస్త్రి నుంచి జవాబు ఆలస్యమైంది. రెండు రోజుల తర్వాత వచ్చింది. తమ వీధిలో పైపుల కోసం తవ్వుతూ కరెంటు తీగ తెంపారనీ, రెండు రోజులు చీకట్లో ఉన్నామనీ, ఆలస్యానికి మన్నించాలనీ రాసి, మళ్ళీ ఆఖరివాడి మొర అందుకున్నాడు.

ఆ ఉత్తరానికి పుల్లవిరుపుగా జవాబు రాద్దామని హాజరుపట్టీ తెరిచాను. మొదటి ఎడిషన్ గడిలో రెండు రోజులు ఖాళీ. ఏడేళ్ళలో ఒక్క పూట తప్పని మనిషి సరిగ్గా ఆ రెండు రోజులూ రాలేదు. కరెంటు వచ్చిన మర్నాడు ఆరూ పదికి మళ్ళీ హాజరు.

ఆ రెండు తేదీలనూ మేస్త్రి ఉత్తరం పక్కన పెట్టి సరిచూసుకున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే విన్నానుగానీ, ఎలుకను మేమే పెంచి, దాని కోసం కొండ కట్టామని అప్పుడే తెలిసింది.

మర్నాడు వదినను కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మేస్త్రి ఇల్లు ఆ దారిలోనే. పన్నెండేళ్ళలో ఆయన ఇంటికి నేను వెళ్ళింది రెండుసార్లు. వదినను బయట కూర్చోమందామనుకున్నాను. నా మొహం చూసి ఎవరినో కొట్టడానికి వెళ్తున్నానని ఆవిడకు అర్థమైనట్టుంది, తనూ లోపలికొస్తానంది.

తలుపు తీసింది మేస్త్రి భార్య. ఆయన స్నానానికి వెళ్ళాడట, కూర్చోమంది. నేను కూర్చోకుండా, పాత కంప్యూటరేదైనా ఉందా అని అడిగాను. ఆవిడ నవ్వింది.

"ఉండకేం, నా సవతి. పొద్దున్నే ఆరింటికి లేస్తుంది, పది నిమిషాలు రొదపెడుతుంది, పడుకుంటుంది. దాన్ని కదిలిస్తే ఆయన ఊరుకోరు."

బాల్కనీలో బట్టలుతికే మిషను పక్కన, పాత దుప్పటి కప్పుకుని, ఆఖరివాడు ఉన్నాడు. బూడిదరంగు పెట్టె. ముందువైపు చిన్న ఆకుపచ్చ దీపం. దాని మీద బట్టల క్లిప్పుల డబ్బా పెట్టి ఉంది. సముద్రం మధ్య వాతావరణ కేంద్రం ఇదన్నమాట.

మేస్త్రి తల తుడుచుకుంటూ వచ్చి, నన్నూ, నేను ఎత్తి పట్టుకున్న దుప్పటి అంచునూ చూశాడు. ఏమీ బుకాయించలేదు. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పాత ఎడిషన్‌వాళ్ళకు ఇబ్బంది రాకూడదని, రోజూ టూల్‌కిట్‌ను ఆ పాత కంపైలరుతో కట్టి పరీక్షించడానికి ఏడేళ్ళ కిందట పెట్టాడట. దాని హాజరు కూడా పట్టీలోకి పడుతుందని అప్పుడు తోచలేదు. నాలుగేళ్ళ కిందట, మిగతావాళ్ళందరూ వెళ్ళిపోయాక తెలిసింది. అంటే ఎవరి కోసం పరీక్షిస్తున్నామో వాళ్ళెవరూ లేరు, పరీక్ష ఒక్కటే మిగిలింది.

"నాలుగేళ్ళు తెలిసీ ఊరుకున్నారా?" అన్నాను. "మమ్మల్ని వెర్రివాళ్ళని చేసి, లేని మనిషిని అడ్డం పెట్టుకుని."

అక్కడితో నేను ఆగలేదు. రెండువందల పన్నెండు ఉత్తరాల విషం ఒకేసారి కక్కాను. పెద్దరికం, నియమాలు, ధర్మపన్నాలు, బట్టల క్లిప్పులు, ఏదీ వదల్లేదు. ఇప్పుడు తలుచుకుంటే అందులో సగం మాటలకు సిగ్గేస్తుంది, మిగతా సగానికి ఇప్పటికీ సిగ్గుపడను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వదిన నోరు విప్పింది. ఆవిడ అసలు సంగతి అందుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"దీని గొడవంతా నా గురించండీ," అంది మేస్త్రితో. "నాకు కళ్ళు పోతున్నాయి. మీ సామాను మీద కట్టిన ప్రోగ్రాంలో నేను ప్రూఫులు దిద్దుతాను. కొత్త మిషన్లో చుక్క కనబడటం లేదు. నెలాఖరుకి బాగవకపోతే నా ఉద్యోగం పోతుంది. ఈ మాట తను మీకు చెప్పకుండా నేనే ఒట్టు పెట్టించాను."

మేస్త్రి వదిన వైపు చూశాడు. ఆవిడ ఆయన మొహానికి కొంచెం పక్కగా చూస్తోంది. నడిమధ్య కనబడదు కాబట్టి అలా చూడటం ఆవిడకు అలవాటైంది. ఆయనకు అది అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

"ఒక్కసారైనా రాయలేదేమిటమ్మా ఈ మాట," అన్నాడు నాతో. "పదకొండు కారణాలు రాశావు. భవిష్యత్తు అన్నావు. ఇది రాయలేదు."

తొమ్మిదో నియమం అన్నాను. ఆ నియమం రాసింది ఆయనే. ఆయన తువ్వాలును మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"నేనూ అందుకే రాయలేదు," అన్నాడు. "ఆ మూడో ఎడిషన్ నాకు రాదు. నేర్చుకుందామని రెండుసార్లు కూర్చున్నాను, బుర్రకెక్కలేదు. నలభై వేల వరుసలు నా చేత్తో రాశాను. రేపు మీరంతా కొత్తగా రాస్తే, నా ఇంట్లో నేనే దారి తెలియనివాణ్ణవుతాను. 'నాకు రాదు' అని రాయడానికి సిగ్గేసింది. ఆ పెట్టె ఉంది కదా, దాని పేరు చెప్పాను. ఆఖరివాణ్ణి నేనేనమ్మా."

నా నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంది, మంచి పదునైన మాట. అది బయటికి రాలేదు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరు కనబడటం లేదని దాచుకున్నారు, ఒకరు అర్థం కావడం లేదని దాచుకున్నారు. మధ్యలో నేను పదకొండు అంశాలు రాశాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

వదినకు మాత్రం అలాంటి సున్నితాలేవీ లేవు. ప్రూఫు దిద్దే మనిషి, తప్పు కనబడితే ఆగదు.

"మీరు మరీ చోద్యంగా మాట్లాడుతున్నారు," అంది. "నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా మందుల కాగితాలు చదువుతున్నాను. అందులో ఒక్క మందు పేరు నాకు అర్థం కాదు. అయినా తప్పుంటే పట్టుకుంటాను. అర్థం కానిచోట ఊరుకోను, రాసినవాణ్ణి పిలిచి ఇదేమిటని అడుగుతాను. వాడు చెప్పలేకపోతే అదే తప్పు. మీరూ అలా అడగండి. దీన్ని అడగండి, ఇది బాగా వాగుతుంది."

మేస్త్రి భార్య వంటగదిలోంచి నవ్వింది. మేస్త్రి నవ్వలేదుగానీ, లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. క్లిప్పుల డబ్బా తీసి పక్కన పెట్టాడు. వంగి, గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని, కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లాగేశాడు. మేము ఆసుపత్రికి గంట ఆలస్యంగా వెళ్ళాం, డాక్టరు చేత చీవాట్లు తిన్నాం.

ఆ సాయంత్రం సంఘానికి మేస్త్రి ఉత్తరం వచ్చింది. రెండే వరుసలు. ఆఖరి వాడుకరిని స్వయంగా కలిసి మాట్లాడాననీ, అతను అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడనీ. తొందర వెంటనే సంతోషం ప్రకటించి, ఏడో ఎడిషన్ సంగతి మళ్ళీ ఎత్తాడు. మేమిద్దరం జవాబివ్వలేదు.

మిగిలింది ఎనిమిది రోజులు. ఆఫీసుకు సెలవు పెట్టి కూర్చున్నాను. పూర్తయిన ముక్క పూర్తయినట్టు మేస్త్రికి పంపాను. మామూలుగా ఆయన తిప్పి పంపితే, ఇలా ఉండాలి, అలా ఉండాలి అని ఉండేది. ఈసారి పదకొండు చోట్ల "ఇది నాకు అర్థం కాలేదు" అని రాశాడు. ఆ మాట ఆయన చేత్తో రాయడం పన్నెండేళ్ళలో అదే మొదలు. వాటిలో తొమ్మిదింటిని ఫోనులో వివరించాను, ఓపిగ్గా విన్నాడు. రెండుచోట్ల వివరించబోయి నేనే తడబడ్డాను. తెర మీద కిటికీ మూసేశాక కూడా దాని అక్షరాలు యంత్రం జ్ఞాపకంలోనే పేరుకుపోయేలా రాశాను. రోజంతా వాడితే తెర మధ్యలోనే బిగుసుకుపోయేది. సరిచేశాను. నా మొహం ఆయనకు కనబడనందుకు ఫోనుకు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

విడుదల ప్రకటన కింద ముగ్గురి ముద్రా పడింది. పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం ప్రెస్సు కంప్యూటర్ మనిషి దాన్ని ఎక్కించాడు, నియమం ప్రకారం మూడు కాగితాల మీద సంతకాలు తీసుకుని.

నెలాఖరు రోజు వదిన వెంట నేనూ వెళ్ళాను. ప్రెస్సు పాత భవనం మూడో అంతస్తులో. యజమాని గది తలుపుకు అద్దం ఉంది, నేను బయట బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. వదిన తెరను నాలుగింతలు చేసుకుంది. నాకు కూర్చున్నచోట నుంచే కనబడింది, ఒక్కో అక్షరం బ్లేడుతో కోసినట్టు ఉంది. ఆవిడ ముందు ఏమీ దిద్దలేదు. ఒక చుక్క మీద వేలు పెట్టి, పక్కన కామా మీద వేలు పెట్టి, అటూ ఇటూ రెండుసార్లు చూసుకుంది. తర్వాత పని మొదలుపెట్టింది.

ముప్పై పేజీలు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. యజమాని తన కాగితం పక్కన పెట్టుకుని సరిచూశాడు. ఆయన కావాలని పెట్టిన తప్పులు పంతొమ్మిది. వదిన పట్టినవి ఇరవై. ఇరవయ్యోది ఆయన పెట్టింది కాదు. పాత కాగితంలోనే ఉండిపోయిన చుక్క తప్పు, ఆరు నెలల నుంచి అలాగే అచ్చవుతోంది. పిల్లలకిచ్చే మందు. యజమాని లేచి నిలబడి ఎవరికో ఫోను చేయడం అద్దంలోంచి చూశాను.

వదిన బయటికొచ్చింది. రేపట్నుంచి మామూలుగా రమ్మన్నారని చెప్పింది. నేను ఏదో అనబోయాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. మెట్ల దాకా నడిచి ఆగింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మెట్ల మీద పడి, సగం వెలుతురు, సగం నీడగా ఉంది. ఆవిడ కింది మెట్టు కోసం కాలు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"తెర మీద అన్నీ కనబడుతున్నాయే," అంది మెల్లగా. "ఇవే కనబడటం లేదు. చెయ్యి పట్టుకో."

పట్టుకున్నాను. ఆ చేయి చల్లగా ఉంది. అంతస్తుకు ఇరవై రెండు మెట్లు, మూడు అంతస్తులు. ఒక్కో మెట్టూ చెబుతూ దించాను.